పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కేసి విత్తండి: విశాఖ డాబా మీద బంతి, చిక్కుడు, గుమ్మడి

దసరా ముందురోజు పూర్ణా మార్కెట్‌లో బంతిపూలు కొంటున్నవాళ్లలో డాబా నిండా మొక్కలున్నవాళ్లూ కనిపిస్తారు. ఇంట్లో బంతి లేక కాదు. ఉంది, కానీ మొగ్గ మీద ఉంది. పండగ వెళ్లిన పదో రోజుకి డాబా పచ్చగా విరగబూస్తుంది, కోసి గుమ్మానికి కట్టడానికి సందర్భం ఉండదు. చిక్కుడుదీ అదే కథ. చైత్రంలో గింజ పెట్టి, ఐదు నెలలు ఆకులే చూసి, విసుగొచ్చి పీకేసేవాళ్లు ఎందరో. విత్తనం మంచిదే, నీళ్లు సరిపోయాయి, ఎరువూ వేశారు. తప్పిందల్లా విత్తిన రోజు.

అందుకని పని మొదలయ్యేది తొట్టి దగ్గర కాదు, పంచాంగం దగ్గర. కావలసిన పండగ తేదీ రాసుకోండి. ఆ మొక్క విత్తిన నాటి నుంచి కోతకి ఎన్నాళ్లు తీసుకుంటుందో అన్ని రోజులు వెనక్కి వెళ్లండి. ఇంకో వారం కలపండి. వచ్చిన తేదీనే గింజ నేలలో పడాలి.

మట్టి, బరువు, గాలి

విశాఖ ఎర్రమట్టి ఒంటరిగా తొట్టిలో వేస్తే వానకి ముద్దయి, ఎండకి ఇటుకలా బిగుస్తుంది. వేరుకి గాలి అందదు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల గెత్తం, ఒక పాలు కొబ్బరిపొట్టు గానీ వరి ఊక గానీ కలపండి. 18 అంగుళాల మొక్కల సంచికి రెండు గుప్పెళ్ల వేపపిండి చాలు. గెత్తం మాగిందో లేదో తెలియాలంటే గుప్పెడు తీసి పిసకండి. పేడ వాసన రాకుండా, వేడి తగలకుండా, టీపొడిలా రాలాలి. పచ్చి గెత్తం వేస్తే తొట్టిలోనే మాగడం మొదలుపెట్టి, ఆ వేడికి లేత వేళ్లు మాడిపోతాయి. వేరుపురుగు కూడా దాంతోపాటే వస్తుంది.

భీమిలి రోడ్డు పక్కన కనిపించే ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం ఒక్క బుట్టెడు కూడా తేవద్దు. అది రక్షిత భూవిజ్ఞాన వారసత్వ ప్రదేశం. వేల ఏళ్లు పట్టి ఏర్పడిన ఆ దిబ్బలు మన తొట్ల కోసం కరగకూడదు. ఇల్లు కట్టేచోట పునాది తవ్విన మట్టి అడిగితే ఇస్తారు, అది సరిపోతుంది.

18 అంగుళాల వెడల్పు, అంతే లోతున్న సంచి నిండా తడిమట్టి ఉంటే 80 నుంచి 100 కిలోల దాకా తూగుతుంది. అలాంటివి ఆరేడు శ్లాబు మధ్యలో గుంపుగా పెట్టకండి. గోడల మీదుగా, దూలాల మీదుగా వరసగా ఉంచండి. కింద రెండేసి ఇటుకలు పెడితే నీరు నిలవదు, శ్లాబుకి చెమ్మ ఎక్కదు.

పెదవాల్తేరు, లాసన్స్‌ బే, జోడుగుళ్లపాలెం వైపు సముద్రానికి ఎదురుగా ఉన్న డాబాల మీద ఉప్పుగాలి ఆకు అంచుల్ని కాలుస్తుంది. అంచు గోధుమరంగు తిరిగి, లోపల పచ్చగా ఉంటే అది తెగులు కాదు, ఉప్పు. మందు కొట్టి లాభం లేదు. పొద్దున్నే మంచినీళ్లతో ఆకుల్ని కడగడం, సముద్రం వైపు ఒక వరస కలబందో గట్టి ఆకుల క్రోటన్లో పెట్టి గాలిని విరగ్గొట్టడం, ఈ రెండే మార్గాలు. పోర్టు చుట్టుపక్కల ఇళ్లలో ఆకుల మీద పేరుకునే నల్లదుమ్ముకీ కడగడమే మందు.

బంతి: రోజుల లెక్క ఎక్కడ తప్పుతుంది

బంతిలో రకం తెలియకుండా తేదీ లెక్కేయలేం. పూసా నారంగి, పూసా బసంతి లాంటి రకాలు విత్తిన దగ్గర్నుంచి పూతకి నాలుగు నెలలకి పైనే తీసుకుంటాయి. ప్యాకెట్లలో వచ్చే హైబ్రిడ్లు సుమారు 55 నుంచి 65 రోజుల్లో మొదటి పువ్వు చూపిస్తాయి. ప్యాకెట్‌ వెనక రాసిన రోజుల సంఖ్య చూడకుండా కొనవద్దు. కిందటేడు మాలలోంచి ఎండబెట్టి దాచిన గింజలతో వచ్చే మొక్కలు ఒకటి ఎత్తుగా, ఒకటి పొట్టిగా, ఒకటి రేకల పువ్వుతో, ఒకటి ముద్దపువ్వుతో రావడం మామూలే. హైబ్రిడ్‌ గింజ రెండో తరంలో అలాగే చెదిరిపోతుంది. పెరట్లో సరదాగా పెంచుకోవడానికి బాగానే ఉంటాయి, పండగ తేదీకి మాత్రం వాటిని నమ్ముకోలేం.

హైబ్రిడ్‌ బంతికి మేం చెప్పే లెక్క 85 రోజులు. అరవై రోజుల పంటకి ఎనభై ఐదు ఎందుకంటే, తల తుంచాలి. తుంచకపోతే నడినెత్తిన ఒక పెద్ద పువ్వు వచ్చి, మిగతావి ఒక్కొక్కటిగా వస్తాయి. తుంచితే పూత పది పన్నెండు రోజులు ఆలస్యమవుతుంది కానీ, పక్క కొమ్మలన్నీ ఒక్కసారి పూస్తాయి. దండ కట్టడానికి కావలసింది అదే. మిగిలిన రోజులు పువ్వు పూర్తిగా విచ్చుకోవడానికి.

సంక్రాంతికి ఈ లెక్క ఇలా నడుస్తుంది:

అక్టోబరు 12 ప్రాంతంలో ట్రేలో విత్తండి. గింజని పావు అంగుళం లోతున పడుకోబెట్టి, పైన సన్నటి ఎరువు చల్లండి. నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. నారు ఒత్తుగా పోయకూడదు. ఒత్తుగా ఉండి, పైనుంచి పొద్దున్నా సాయంత్రమూ నీళ్లు పోస్తే కాడ మట్టి దగ్గర నల్లబడి, నీళ్లు కారినట్టయి పడిపోతుంది. అదే నారుకుళ్లు. ఒక్క మొక్క పడితే చుట్టూ నాలుగింటిని మట్టితో సహా తీసేసి, నీళ్లు తగ్గించండి.

నవంబరు 6 నాటికి నాలుగైదు ఆకులొస్తాయి. అప్పుడు 12 అంగుళాల సంచికి ఒక్క మొక్క చొప్పున నాటండి. రెండు నాటితే రెండూ సన్నగా సాగుతాయి. ఎండ తగ్గాక, సాయంత్రం నాటండి. కాడని ఒక అంగుళం లోతుగా పాతినా పరవాలేదు, మట్టిలో ఉన్న కాడ నుంచి వేళ్లు వస్తాయి, మొక్క ఒరగదు.

నవంబరు 26 దాకా ఆగి, నడి కొమ్మ చివర రెండాకుల మేర గోటితో తుంచండి. అప్పటికే మొగ్గ కనిపిస్తే దాన్నీ తీసేయండి. మనసు రాదు, నిజమే. కానీ ఆ ఒక్క మొగ్గ ఉంచితే మొక్క బలమంతా అదే లాగేసుకుంటుంది.

ఆ తర్వాత పదిహేను రోజులకొకసారి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. యూరియా వేయకండి. నత్రజని ఎక్కువైతే మొక్క నిగనిగలాడుతూ పెరుగుతుంది, పూత వెనకబడుతుంది. మొగ్గలు గట్టిపడే డిసెంబరు మూడో వారంలో ఒక గుప్పెడు కట్టెబూడిద మట్టిలో కలపండి. జనవరి మొదటి వారం నుంచి పూలు విచ్చుకుంటాయి, భోగికి నిండుగా ఉంటాయి.

దసరాకైతే, ఆ ఏటి తేదీని బట్టి, జూన్‌ మధ్య నుంచి జులై మధ్య లోపు విత్తాలి. పగలు పొడవుగా ఉండే రోజుల్లో బంతి ఆకుమీదే ఎక్కువ ఉంటుంది కాబట్టి, ఆ విత్తుకి 85కి బదులు 95 రోజులు వెనక్కి వెళ్లండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మార్గశిర లక్ష్మివారాల్లో పూలు తీసుకెళ్లాలనుకుంటే ఆగస్టు ఆఖర్లో ఒక ట్రే, పది రోజుల తేడాతో ఇంకో ట్రే వేయండి. ఆ నెలలో నాలుగైదు గురువారాలుంటాయి, ఒక్క విడత పూలు అన్నింటికీ సరిపోవు.

తేదీ దాటిపోయిందా? అప్పుడు అంట్లే దిక్కు. పూతకి రాని కొమ్మ చివర నాలుగంగుళాలు కోసి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడలో పెట్టండి. పన్నెండు నుంచి పదిహేను రోజుల్లో వేళ్లొస్తాయి. విత్తనం కంటే సుమారు మూడు వారాలు కలిసొస్తుంది. మొక్క చిన్నగానే ఉంటుంది, పువ్వు మాత్రం తల్లిమొక్క పువ్వే.

ఎన్ని మొక్కలు కావాలి? పెద్ద బంతిపూలు దగ్గరగా గుచ్చితే మూరకి పదిహేను దాకా పడతాయి. గుమ్మానికీ, దేవుడి గదికీ కలిపి ఆరేడు మూరలనుకుంటే వంద పువ్వులు. తుంచి పెంచిన మొక్కకి ఒక్కసారి ఎనిమిది పది పువ్వులు కోతకొస్తాయి కాబట్టి పన్నెండు మొక్కలు వేసుకోండి. కోత ఎప్పుడూ పొద్దున్నే, మంచు ఆరాక. తడి పువ్వు బుట్టలో పెడితే సాయంత్రానికి నడుమ నల్లబడుతుంది.

ఆకుల కింద సన్నని సాలెగూడులాంటి పొర, పైన చిన్న చిన్న తెల్లచుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. వాన లేని పొడి రోజుల్లో వస్తుంది. ఆకు అడుగుభాగానికి తగిలేలా గట్టిగా నీళ్లు కొట్టడం మొదటి మందు. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త కుంకుడు రసం వేసి, సాయంత్రం పూట కొట్టండి. ఎండలో కొడితే ఆకు కాలుతుంది.

చిక్కుడు: పగటి పొడవు చూసి పూసే పాదు

నాటు పందిరి చిక్కుడు పగలు కుదించుకుపోతేనే పూస్తుంది. ఉగాదికి విత్తినా, ఆషాఢంలో విత్తినా పూత మొదలయ్యేది కార్తీకం దగ్గర్లోనే. ముందుగా విత్తినవాళ్లకి దక్కేది నాలుగు నెలల ఆకులూ, వాటి మీద పేనుబంకా. కాబట్టి కూరకైతే జులైలోనే గింజ పెట్టండి, అంతకు ముందు వద్దు. ఏడాది పొడవునా కాసే పొట్టి రకాలు వేరు, వాటికి ఈ లెక్క వర్తించదు. కానీ రథసప్తమికి కావలసింది పెద్ద ఆకులున్న నాటు పాదే.

రథసప్తమి మాఘ శుద్ధ సప్తమి, జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మూడో వారం లోపు వస్తుంది. జులైలో వేసిన పాదు అప్పటికి అలసిపోయి ఉంటుంది. ఆకులు పసుపెక్కి, చిల్లులు పడి, పరమాన్నం వడ్డించడానికి పనికిరావు. అందుకే రెండో విడత వేయాలి. వినాయక చవితి వెళ్లాక, సెప్టెంబరు మధ్యలో ఒక సంచిలో మూడు గింజలు పెట్టండి. ఈ పాదు చిన్నగానే ఉంటుంది, కాపు తక్కువ, కానీ మాఘంలో లేతగా, వెడల్పు ఆకులతో ఉంటుంది. ఏటా చిక్కుడాకుల కోసం వీధులు తిరిగేవాళ్లకి ఈ ఒక్క సంచి చాలు.

గింజని ఆరేడు గంటలు నానబెట్టి, తెల్లటి కన్ను పక్కకి ఉండేలా ఒక అంగుళం లోతున పెట్టండి. రాత్రంతా నానబెట్టి, మర్నాడు మధ్యాహ్నం దాకా మరిచిపోతే గింజ కుళ్లుతుంది. మూడింట్లో బలమైన రెంటిని ఉంచి మూడోది కత్తిరించండి. పీకితే పక్కవాటి వేళ్లు కదులుతాయి. సంచి 18 అంగుళాలకి తగ్గకూడదు.

పందిరి పిట్టగోడ ఎత్తుకి మించకుండా అడ్డంగా, వాలుగా వేయండి. ఆరడుగుల నిలువు పందిరి చూడ్డానికి బాగుంటుంది, నవంబరు గాలికి తెరచాపలా ఎగిరిపోతుంది. తీగ రెండడుగులు పెరిగాక చివర తుంచితే పక్క తీగలు వస్తాయి, పూత వాటి మీదే ఎక్కువ.

పూత మొదలవకపోతే మూడు కారణాలు చూడండి. గెత్తం ఎక్కువైందా? ఆకు అరచేయంత వెడల్పుగా, ముదురాకుపచ్చగా ఉంటే అదే, ఎరువు ఆపి నీళ్లు కొంచెం తగ్గించండి. నీడ పడుతోందా? రోజుకి ఆరు గంటల ఎండ తప్పనిసరి. మూడోది చాలామందికి తట్టదు: వీధిదీపం వెలుగు రాత్రంతా పాదు మీద నేరుగా పడుతుంటే మొక్కకి రాత్రి పొడవు అందదు, పూత ఆలస్యమవుతుంది. సంచిని ఇంకో మూలకి జరపండి.

చిక్కుడుకి పేనుబంక రాకుండా ఉండదు. లేత చివర్ల మీద నల్లగా పేరుకుంటుంది. చీమలు బారులు తీరి ఎక్కుతుంటే పేను వచ్చిందనే అర్థం. అది వదిలే తీపి కోసం చీమలు దాన్ని కాపు కాస్తాయి. మొదట్లోనే బాగా పట్టిన చివర తుంచి బకెట్‌ నీళ్లలో వేయండి. మిగతావాటిని వేళ్లతో తుడిచి, పైన చెప్పిన వేపనూనె వారానికొకసారి, మూడుసార్లు కొట్టండి. ఎర్రటి డొప్ప మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగులు కనిపిస్తే మందు ఆపేయండి. అవి ఆ పేనునే తింటాయి.

గుమ్మడి పువ్వు, గరిక, పసుపు

నెలగంట పెట్టే డిసెంబరు 16 నుంచి భోగి దాకా గొబ్బెమ్మల మీదికి గుమ్మడి పువ్వులు కావాలి. తీగ విత్తిన 40, 45 రోజులకి పూస్తుంది. అక్టోబరు ఆఖరి వారంలో 18 అంగుళాల సంచికి రెండు గింజలు పెడితే లెక్క సరిపోతుంది. ముందు వచ్చేవన్నీ మగపువ్వులే, కాయ పట్టలేదని కంగారు పడకండి. సన్నటి పొడుగు కాడ ఉంటే మగపువ్వు, అడుగున బుల్లి కాయ ఉంటే ఆడపువ్వు. గొబ్బెమ్మకి మగపువ్వులే కోయండి, రోజూ ఒకటి రెండు తీగకే వదిలితే పరాగం అందుతుంది. తెల్లవారుజామున విచ్చుకున్నదాన్ని అప్పుడే కోయాలి, పది గంటలకి ముడుచుకుపోతుంది. పూలకోసమే అయితే కాయని పెరగనివ్వద్దు, కాయ పట్టిన తీగ పూత తగ్గిస్తుంది.

గరికకి నాలుగంగుళాల లోతు ట్రే చాలు. వేరున్న తీగముక్కలు అరచేయి ఎడంలో గుచ్చండి. వినాయక చవితికి ఎనిమిది వారాల ముందు నాటి, నాలుగు వారాల ముందు నేలకి దగ్గరగా ఒకసారి కత్తిరించండి. ఆ తర్వాత వచ్చే చివుళ్లే పూజకి కావలసిన లేత జంటలు.

పసుపు జూన్‌ మొదటి వారంలో. రెండు మొలకలున్న కొమ్ము ముక్క ఒకటి, రెండంగుళాల లోతు, 12 అంగుళాల సంచి. సగం నీడలోనూ వస్తుంది. నీరు నిలిస్తే దుంప కుళ్లి ఆకులు కింద నుంచి పసుపెక్కుతాయి, ఆగస్టు వానల్లో సంచి అడుగు రంధ్రాలు పూడకుండా చూడండి. ఫిబ్రవరిలో ఆకులన్నీ ఎండాక తవ్వి, కడిగి, పుల్ల గుచ్చితే దిగేదాకా ముప్పావు గంట ఉడికించి, పది పదిహేను రోజులు ఎండబెట్టండి. ఐదు కిలోల పచ్చిపసుపుకి కిలో ఎండుకొమ్ములు వస్తాయి. ఉగాదికి కొత్త పసుపు.

తుఫాను కబురొస్తే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ నగరంలోని చెట్లను ఎలా కూల్చిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. దసరా, దీపావళి, కార్తీకం అన్నీ ఈ తుఫానుల కాలంలోనే వస్తాయి. సంక్రాంతి బంతి నారు అక్టోబరులో ట్రేలో ఉండడంలో ఒక మేలుంది, ట్రే ఎత్తి గదిలో పెట్టుకోవచ్చు. కానీ రెండు రోజులకి మించి చీకట్లో ఉంచితే నారు పాలిపోయి సాగుతుంది.

హెచ్చరిక రాగానే ఈ వరసలో చేయండి: సగం విచ్చిన పూలతో సహా కోసేయండి, నీళ్లలో పెడితే కొంత విచ్చుకుంటాయి. పందిరి తాళ్లు ఒకవైపు విప్పి తీగని నేలమీద పరచండి. సంచుల్ని పిట్టగోడ మూలకి చేర్చి, ఎత్తు మొక్కల్ని పడుకోబెట్టండి. డాబా నీళ్ల తూములు శుభ్రం చేయండి. ఖాళీ కుండీలు, రేకులు, కర్రలు కిందికి దించండి, అవి ఎగిరి మనుషుల మీద పడతాయి. గాలి మొదలయ్యాక మొక్క కోసం డాబా ఎక్కవద్దు.

గాలి వెలిశాక మొదటి పని ఆకుల మీది ఉప్పు కడగడం. ఎరువు రెండు వారాలు వేయకండి, వేళ్లు కదిలిన మొక్క దాన్ని తీసుకోలేదు.

రథసప్తమి నాడు

ముందు రోజు సాయంత్రం ఏడు జిల్లేడు ఆకులు కోసుకోండి. జిల్లేడు డాబా మీద పెంచవద్దు, ఖాళీ స్థలాల్లో కావలసినంత దొరుకుతుంది. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. కోసిన ఆకుల్ని నీళ్లలో వేసి పాలు పోయాక తీయండి, పిల్లల తలమీద పెట్టేముందు మళ్లీ కడగండి, మీ చేతులూ సబ్బుతో కడుక్కోండి.

రథానికి ఏడు చిక్కుడుకాయలు, కొబ్బరి ఈనెలు. కాయలు గట్టిపడి, గింజ మాత్రం ఇంకా ఉబ్బనివై ఉండాలి. లేతవి ఈనె గుచ్చగానే చీలుతాయి. రెండు పొడుగు కాయల్ని నాలుగు వేళ్ల ఎడంలో పక్కపక్కన పెట్టి, రెండు ఈనెలు అడ్డంగా రెంటిలోంచి గుచ్చండి. ఈనెల చివర్లు బయటికి వదిలితే చక్రాల చోట రేగుపళ్లో చిన్న బంతిపూలో గుచ్చుకోవచ్చు. నాలుగు మూలలా నిలువు ఈనెలు దించి, వాటి పైన ఇంకో రెండు కాయలు, ఆ రెంటి మీద అడ్డంగా మూడు. కదులుతుంటే ఇంకో ఈనె ఏటవాలుగా గుచ్చండి, నిలబడుతుంది.

పరమాన్నం వడ్డించే ఆకులు పొద్దున్నే కోసి, వెనకవైపు నూగుని తడిగుడ్డతో తుడవండి. నూనెమందు కొట్టిన పాదైతే పండక్కి పదిహేను రోజుల ముందే ఆపాలి. ఒక్కో ఆకుకి ఒక గరిటెడు మించితే జారిపోతుంది.

పాదు మీద ఐదారు మంచి కాయల్ని రథానికి గానీ కూరకి గానీ ముట్టకుండా అలాగే ఎండనివ్వండి. కదిపితే గింజ గలగలమన్నాక కోసి, వొలిచి, మూడు రోజులు నీడలో ఆరబెట్టి, కట్టెబూడిదలో కలిపి సీసాలో మూత బిగించి, మూత మీద విత్తాల్సిన నెలలు రాయండి: జులై, సెప్టెంబరు.